విక్టోరియా శిఖరం కూజా మొక్క: నెపెంథిస్ ఆటెన్‌బరోఐని పెంచే పద్ధతి

కూజాల్లాంటి ఆకుల్లో పురుగులను పట్టి తినే ఈ మొక్కకు కుండీ, నాచు, మంచి నీళ్లు సమకూర్చడం పెద్ద పని కాదు. కష్టమల్లా రాత్రి చలి దగ్గరే. ఏడాది పొడవునా, ఒక్క రాత్రి కూడా వదలకుండా, ఉష్ణోగ్రతను 15 డిగ్రీల లోపుకు, కనీసం 16, 17 దగ్గరికైనా, దించగలరా? దించగలిగితే మిగతావన్నీ నేర్చుకోవచ్చు. దించలేకపోతే మొక్క తెప్పించకండి. వేడి రాత్రుల్లో ఇది ఒక్కసారిగా చచ్చిపోదు. ఏడాది, రెండేళ్ల పాటు ఆకు చిన్నదై, కూజా ఆగిపోయి, మెల్లగా క్షీణిస్తుంది. అందుకే ముందు చల్లదనం ఏర్పాటు చేసి, ఖాళీ పెట్టెలో కనీసం నెల రోజులు రీడింగులు చూసి, ఆ తర్వాతే మొక్కను తీసుకోండి.

ఎందుకింత పట్టుదలో దాని సొంత చోటును చూస్తే అర్థమవుతుంది. ఫిలిప్పీన్స్‌లోని పలావన్ ద్వీపంలో విక్టోరియా పర్వతం మీద, దాదాపు 1600 మీటర్ల పైన, శిఖరం చుట్టూ ఉన్న పొదల్లో, రాళ్ల మధ్య పెరుగుతుంది. 2007లో అలిస్టర్ రాబిన్సన్, స్టీవార్ట్ మెక్‌ఫెర్సన్, ఫోల్కర్ హైన్రిచ్ దీన్ని గుర్తించారు. 2009లో కొత్త జాతిగా వర్ణించి, ప్రకృతి చిత్రాలతో పేరుపొందిన బ్రిటిష్ వ్యాఖ్యాత డేవిడ్ ఆటెన్‌బరో పేరు పెట్టారు. పలావన్ తీరంలో సగటు 27 డిగ్రీల దాకా ఉంటుంది. పైకి వెళ్లేకొద్దీ వెయ్యి మీటర్లకు సుమారు 6 డిగ్రీలు తగ్గుతుంది. ఆ లెక్కన శిఖరం మీద సగటు 17 దగ్గర ఉండాలి, రాత్రి అంతకంటే తక్కువ. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి అక్కడ చలికాలం, ఎండాకాలం అన్న పెద్ద తేడా లేదు. చలికాలంలో బాగానే ఉంటుంది కదా అని ఆరుబయట పెట్టి, వేసవికి లోపలికి తెచ్చే పద్ధతి దీనికి నప్పదు.

ఆ కొండ రాయి అల్ట్రామాఫిక్ రకం. మెగ్నీషియం, నికెల్ ఎక్కువ, నత్రజని, భాస్వరం బాగా తక్కువ. కుండీలో నికెల్ కలపాల్సిన అవసరమేమీ లేదు. మనం గ్రహించాల్సింది రెండే: వేళ్లకు ఎరువు ఉండకూడదు, నీరు నిలవకూడదు.

మొక్క తీరు కూడా తెలుసుకోవాలి. ఇది పాకే తీగ కాదు. నిటారుగా మీటరున్నర దాకా పెరిగే పొద. ముదిరిన మొక్క ఆకు 40 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. గంట ఆకారపు కూజాలు 25 సెంటీమీటర్లు దాటతాయి, లీటరుకు పైగా ద్రవం పడుతుంది. చాలా నెపెంథిస్‌లలో మూత గొడుగులా నోటి మీదికి వంగి వాన నీటిని ఆపుతుంది. దీనిలో మూత నిలువుగా నిలబడి ఉంటుంది. వాన నేరుగా కూజాలో పడుతుంది. అడుగున చిక్కటి జిగురు ద్రవం, పైన పల్చటి నీరు ఉంటాయి. ఎలుకలు తినే మొక్క అని పత్రికల్లో ప్రచారమైంది గానీ దాని అసలు ఆహారం పురుగులే.

కొనే ముందు

ఈ జాతిని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ తీవ్ర ప్రమాదంలో ఉన్నదిగా గుర్తించింది. చాలా కొద్ది చోటులోనే ఉన్న మొక్కలు కాబట్టి, అడవి నుంచి పెరికి తెచ్చిన ప్రతి మొక్కా పూడ్చలేని నష్టమే. ఫిలిప్పీన్స్‌లో 2001 నాటి వన్యప్రాణి పరిరక్షణ చట్టం, రిపబ్లిక్ యాక్ట్ 9147, అనుమతి లేని సేకరణను నేరంగా చూస్తుంది. అంతర్జాతీయ వ్యాపారానికి, ప్రమాదంలో ఉన్న జాతుల అమ్మకాలను నియంత్రించే సైటిస్ ఒప్పందంలోని రెండో అనుబంధం వర్తిస్తుంది. అంటే కృత్రిమంగా పెంచిన మొక్కైనా ఎగుమతి చేసే దేశం ఇచ్చిన పత్రం ఉండాలి. విత్తనాలకు, మూసిన ఫ్లాస్కులో రవాణా చేసే టిష్యూ కల్చర్ (ప్రయోగశాలలో జెల్లీ మీద పెంచిన) మొలకలకు ఈ జాబితా నుంచి మినహాయింపు ఉంది. అయినా దిగుమతి చేసుకునే దేశపు మొక్కల క్వారంటైన్ నియమాలు వాటికీ వర్తిస్తాయి. మొక్కకు తెగుళ్లు లేవని ధ్రువీకరించే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అడగండి.

అడవి మొక్కను పోల్చుకోవడం అంత కష్టం కాదు. కాండం లావుగా, కింది భాగం పాత ఆకుల మచ్చలతో గరుకుగా ఉంటుంది. వేళ్లు తెగి ఉంటాయి. ఆకుల మీద లైకెన్, పాత పురుగు కాట్లు కనిపిస్తాయి. నర్సరీలో పెంచిన మొక్క 5 నుంచి 12 సెంటీమీటర్ల వెడల్పుతో, ఆకులన్నీ ఒకే తీరుగా, వేళ్లు కుండీ ఆకారానికి ఒదిగి ఉంటుంది. ఎప్పుడు, ఏ తల్లి మొక్కల నుంచి విత్తనం వచ్చిందో అమ్మేవారు చెప్పలేకపోతే వదిలేయండి. కొండ జాతుల అనుభవం బొత్తిగా లేనివారు ముందు నెపెంథిస్ వెంట్రికోసా అనే మరో కూజా మొక్కతో ఒక ఏడాది సాధన చేయడం మేలు. అది తప్పులను ఓర్చుకుంటుంది. ఇది ఓర్చుకోదు.

చలి

లక్ష్యం ఇది: పగలు 20 నుంచి 25 డిగ్రీలు, రాత్రి 11 నుంచి 15. పగలు ఒకటి రెండు గంటలు 28 తగిలితే ప్రమాదం లేదు, ఆ రాత్రి చల్లబడితే చాలు. పగటి వేడి కంటే రాత్రి వేడే ఎక్కువ చేటు. చీకట్లో మొక్క ఆహారం తయారు చేయదు, శ్వాసకు ఖర్చు మాత్రమే చేస్తుంది. వేడి పెరిగేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. పగలంతా కూడబెట్టింది రాత్రే అయిపోతే కొత్త ఆకుకు మిగిలేదేమీ ఉండదు.

చల్లబరచడానికి రెండు మార్గాలు ఆచరణలో నిలుస్తాయి. మొదటిది ఏసీ గదిలో గ్రో టెంటు, అంటే మొక్కలు పెంచే గుడారం లాంటి పెట్టె. చాలా ఏసీలు 16 కంటే కిందికి దిగవు. అంటే టెంటులో 16, 17 దగ్గర ఆగుతుంది. మొక్క బతుకుతుంది, నెమ్మదిగా పెరుగుతుంది. అంతకంటే ఆశించకండి. ఏసీ గాలిని ఎండగడుతుంది కాబట్టి చల్లగాలిని నేరుగా మొక్క మీదికి వదలకూడదు. టెంటును దాదాపు మూసి ఉంచి, కింద ఒక చిన్న ఫ్యాను ద్వారా గది గాలిని లోపలికి లాగించాలి.

రెండోది, నమ్మదగినది, చెస్ట్ ఫ్రీజర్. 200 నుంచి 300 లీటర్ల ఫ్రీజర్ మూత తీసి, దాని నోటి కొలతకు సరిపోయే అక్రిలిక్ లేదా పాలీకార్బొనేట్ పెట్టెను 50, 60 సెంటీమీటర్ల ఎత్తున పైన బిగిస్తారు. ఫ్రీజర్ సొంత థర్మోస్టాట్‌ను అత్యంత చల్లదనానికి పెట్టి, ప్లగ్గును డిజిటల్ టెంపరేచర్ కంట్రోలర్ ద్వారా ఇవ్వాలి. రాత్రికి 12 డిగ్రీలు సెట్ చేయండి. కంప్రెసర్ ఆగడానికి, మళ్లీ మొదలవడానికి మధ్య తేడా ఒకటిన్నర డిగ్రీ, ఆలస్యం 5 నిమిషాలు. ఈ ఆలస్యం పెట్టకపోతే కంప్రెసర్ ఆగీ ఆగగానే మళ్లీ లేచి, కొద్ది నెలల్లో కాలిపోతుంది. సెన్సార్‌ను ఆకుల ఎత్తులో, గోడకు దూరంగా, లైటు నేరుగా పడని చోట వేలాడదీయండి. గోడకు అంటిస్తే గోడ ఉష్ణోగ్రతే చూపిస్తుంది, మొక్క మాత్రం 18లోనే ఉండిపోతుంది.

ఫ్రీజర్ గోడలు గడ్డకడతాయి. ఆ మంచు గాలిలోని తేమను లాగేసుకుంటుంది, పగలు కరిగి అడుగున నీరవుతుంది. అడుగు రంధ్రం తెరిచి ఆ నీటిని బయటికి పోనివ్వండి. కుండీలు ఏ గోడకూ తగలకూడదు, కనీసం 8 సెంటీమీటర్ల ఖాళీ ఉంచండి. గోడకు ఆనిన ఆకు రాత్రికి రాత్రి నీరుకారి నల్లబడుతుంది. చల్లగాలి కిందే పేరుకుంటుంది కాబట్టి 120 మిల్లీమీటర్ల కంప్యూటర్ ఫ్యాన్లు రెండు పెట్టి, ఒకటి కింది గాలిని పైకి నెట్టేలా అమర్చండి. ఫ్యాన్లు 12 వోల్టులవే వాడండి. అడాప్టర్లు, ప్లగ్గు జాయింట్లు అన్నీ పెట్టె బయటే ఉండాలి, మెయిన్ లైనుకు, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ తప్పనిసరి. తడిలో కరెంటుతో చెలగాటం వద్దు.

ఐసు సీసాలతో నెట్టుకురావడం కరెంటు పోయినప్పటికి పనికొచ్చే ఉపాయం మాత్రమే. రెండు లీటర్ల సీసాలు నాలుగైదు ఎప్పుడూ గడ్డకట్టించి ఉంచుకోండి. కరెంటు పోతే తలుపు తెరవకుండా, ముందే కోసి పెట్టుకున్న చిన్న కిటికీ గుండా లోపలికి దించండి.

తేమ, గాలి, వెలుతురు

పగలు 75 శాతం తేమ, రాత్రి 90 పైన. అల్ట్రాసోనిక్ హ్యుమిడిఫయర్‌లో ఆర్‌ఓ నీళ్లు లేదా డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. కుళాయి నీటిలోని లవణాలు తెల్లటి పొడిగా ఆకుల మీద పేరుకుంటాయి. తేమ కోసం గాలిని ఆపేయడమే కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు. ఎప్పుడూ కదలని తడి గాలిలో కాండం మొదలు కుళ్లుతుంది. ఆకులు కొద్దిగా ఊగీ ఊగనట్టుండే వేగం సరిపోతుంది.

వెలుతురుకు 5000 నుంచి 6500 కెల్విన్ తెల్ల ఎల్ఈడీలు, రోజుకు 12 గంటలు. ఆకుల ఎత్తులో పీపీఎఫ్‌డీ (మొక్క వాడుకోగల వెలుతురు కొలత) 120 నుంచి 200 మధ్య ఉంచండి. చిన్న మొక్కకు 100తో మొదలుపెట్టి నెలకు కొంత పెంచుతూ పోవాలి. లైటు సరిపడా ఉందో లేదో కొత్త ఆకే చెబుతుంది. ముదురాకుపచ్చగా, పొడవుగా, వాలిపోయినట్టు వస్తే తక్కువ. పసుపు మీదికి తిరిగి, ఈనెల మధ్య ఎర్రగా కమిలితే ఎక్కువ. అంచుల్లో లేత రాగిరంగు ఛాయ ఉండి, ఆకు గట్టిగా నిలబడితే సరిగ్గా ఉన్నట్టు. లైట్లకు కరెంటు అందించే డ్రైవర్లను పెట్టె బయట పెట్టండి, వాటి వేడే రెండు మూడు డిగ్రీలు పెంచేస్తుంది.

కుండీ, మిశ్రమం

పొడుగు పోగుల స్ఫాగ్నం నాచు 5 భాగాలు, 3 నుంచి 6 మిల్లీమీటర్ల పెర్లైట్ (తేలికైన తెల్లటి రాతి గుళికలు) 3 భాగాలు, ప్యూమిస్ (తేలికైన అగ్నిపర్వత రాయి) లేదా మధ్యరకం ఆర్కిడ్ బెరడు 2 భాగాలు. పెర్లైట్‌ను ముందుగా తడిపి, జల్లెడలో కడిగి పొడి అంతా పోయేలా చూడాలి. ఆ పొడి కుండీ అడుగుకు చేరి బురదలా గడ్డకడుతుంది. తోటమట్టి, కంపోస్టు, వర్మికంపోస్టు చిటికెడు కూడా వద్దు. కోకోపీట్‌లో తరచూ ఉప్పు ఉంటుంది. ఎన్నిసార్లు కడిగినా నాకు దాని మీద నమ్మకం లేదు, ఈ జాతికి వాడమని చెప్పను.

నాచును నానబెట్టి, పిడికిట్లో పిండి, చేతితో విడదీస్తూ మిగతావాటితో కలపండి. కుండీలోకి వదులుగా రాల్చాలి, వేలితో నొక్కకూడదు. కుండీని రెండుసార్లు నేలకు తట్టితే చాలు. చిన్న మొక్కకు 9, 10 సెంటీమీటర్ల ప్లాస్టిక్ కుండీ సరిపోతుంది. పక్కలా కంతలుంటే మరీ మంచిది. వేళ్లు నల్లగా, సన్నగా, పెళుసుగా ఉంటాయి. నల్లగా ఉన్నాయని కుళ్లాయనుకుని కోయకండి. ఆరోగ్యమైన వేరు నల్లగానే ఉండి, కొస మాత్రం లేత గోధుమరంగులో కనిపిస్తుంది. కుళ్లిన వేరు వేళ్ల మధ్య పట్టుకోగానే పైపొర జారిపోతుంది.

నీళ్లు

నీటిలో కరిగిన లవణాల కొలత, టీడీఎస్, 30 పీపీఎం లోపు ఉంటే భేషు, 50 దాటితే వాడకండి. వాన నీరు, ఆర్‌ఓ, డిస్టిల్డ్ ఏదైనా సరే. ఇళ్లలోని ఆర్‌ఓ యంత్రాలు కొన్ని రుచికోసం మళ్లీ ఖనిజాలు కలుపుతాయి. మీటరు పెట్టి చూడకుండా పోయవద్దు. రెండు మూడు రోజులకోసారి పైనుంచి పోసి, కింది నుంచి ధారాళంగా కారనివ్వండి. పళ్లెంలో నిలిచిన నీటిని పారబోయాలి. పై నాచు తడి ఆరి కొద్దిగా తెల్లబారుతున్నప్పుడు నీళ్లు పోసే సమయమైనట్టు. పూర్తిగా ఎండనిస్తే వేళ్లు చస్తాయి, ఎప్పుడూ చిత్తడిగా ఉంచితే కూడా చస్తాయి. నీళ్లు పొద్దున పోయండి, సాయంత్రానికి ఆకుల మొదళ్లలో నీరు ఆరిపోవాలి.

వచ్చిన రోజు నుంచి మొదటి మూడు నెలలు

మొక్క సాధారణంగా మట్టి లేకుండా, తడి నాచు చుట్టి వస్తుంది. పొట్లం విప్పి, వేళ్లను మామూలు చల్లదనంలో ఉన్న శుద్ధ నీటిలో ఓ అరగంట ఉంచి నాటండి. పూర్తిగా నల్లబడిన ఆకులు తప్ప దేన్నీ కోయకండి. సగం పచ్చగా ఉన్న ఆకు కూడా మొక్కకు ఆసరాయే. కూజాల్లో ద్రవం ఒలికిపోయి ఉంటుంది. ప్రతి కూజాలో మూడోవంతు దాకా డిస్టిల్డ్ వాటర్ పోయండి, లేకపోతే ఎండిపోతాయి.

తర్వాత కుండీని పారదర్శకమైన డబ్బాలో పెట్టి మూతపెట్టండి. మూడు వారాలు 95 శాతం తేమ, తక్కువ వెలుతురు. నాలుగో వారం మూతను వేలెడంత తెరవండి, ప్రతి వారం ఇంకాస్త. మధ్యలో కొత్త ఆకు వాడితే ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి. ఫ్లాస్కు మొలకలైతే జెల్లీని గోరువెచ్చని నీటిలో పూర్తిగా కడగాలి. చక్కెర ఉన్న ఆ జెల్లీ కాస్త మిగిలినా బూజు పట్టేస్తుంది.

ఈ దశలో పాత కూజాలన్నీ ఎండిపోవచ్చు, కొత్త ఆకు కూజా లేకుండానే రావచ్చు. కంగారుపడి కుండీ మార్చడం, లైటు పెంచడం, మందు కొట్టడం చేయకండి. దీని చిన్న మొక్క ఒక్క ఆకు వేయడానికి నెలకు పైగా తీసుకుంటుంది. ఇవాళ చేసిన మార్పు ఫలితం మూడో ఆకులో కనిపిస్తుంది. ఒకసారికి ఒక్క మార్పే చేసి, తేదీ రాసుకుని, ఆగండి.

కూజాకు మేత

కూజా పుట్టుకను దగ్గర నుంచి గమనిస్తే ఎప్పుడు మేత వేయాలో తెలిసిపోతుంది. ఆకు కొస నుంచి దిగిన నులితీగ చివర ముందు గింజంత ఉబ్బు కనిపిస్తుంది. కొన్ని వారాలు అది కిందికి వేలాడి, మెల్లగా కొసను పైకి తిప్పుకుంటుంది. నూగుతో కప్పిన బల్లపరుపు సంచిలా ఉన్నది కొద్ది రోజుల్లోనే ఉబ్బి గుండ్రబడుతుంది. మూత అతికి ఉండగానే లోపల ద్రవం ఊరుతుంది. ఒక రోజు అతుకు వీడుతుంది. అప్పటికి నోటి అంచు ఇంకా లేతగా, సన్నగా ఉంటుంది. అది విచ్చుకుని, గట్టిపడి, రంగు దేరడానికి మరో వారం పది రోజులు పడుతుంది. మూతను చేత్తో తెరవకండి. అంచు గట్టిపడ్డాకే మేత వేయండి.

రెండు మూడు సెంటీమీటర్ల కూజాకు నీటిలో నానబెట్టిన ఎండు బ్లడ్‌వార్మ్‌లు (చేపల మేతగా అమ్మే ఎర్ర పురుగులు) నాలుగైదు చాలు. 6 సెంటీమీటర్లు దాటిన కూజాకు చిన్న మిడత ముక్క, లేదా నెమ్మదిగా కరిగే ఎరువు గుళిక ఒకటి. పెద్ద కూజాకైనా రెండు గుళికలు మించనివ్వకండి. నెలకోసారి, కొత్త కూజాలు రెండింటికే. మాంసం, జున్ను వంటివి కుళ్లి కూజాను లోపల నుంచి తినేస్తాయి. పోగుల నాచులో గుళిక పడితే వెంటనే ఏరేయండి. అక్కడ అది వేళ్లను కాల్చి, నాచు మీద పచ్చటి జిగట పొర పట్టిస్తుంది.

పైనుంచి తుంపర పడి కూజా అంచుదాకా నిండితే భయం లేదు, కొండ మీద జరిగేదే. కానీ ప్రతిరోజూ ధారగా పోసి అడుగు జిగురును కడిగేయకండి, పురుగును పట్టి ఉంచేది అదే.

ఏది ఎందుకు చెడుతుంది

ఆకులు బాగానే వస్తూ, నులితీగ కొసన మొగ్గ మాత్రం ఎండి నల్లబడుతుంటే తేమ ఎక్కడో పడిపోతోంది. 24 గంటల కనిష్ఠ రీడింగు చూడండి. సాధారణంగా లైటు వెలిగిన మొదటి గంటలో, లేదా ఏసీ మొదలైనప్పుడు 50కి దిగి ఉంటుంది. తేమ బాగుండి కూడా కూజా రాకపోతే వెలుతురు తక్కువ. ప్రతి కొత్త ఆకూ ముందుదాని కంటే చిన్నదైతే రాత్రి వేడి, లేదా వేళ్ల జబ్బు. మొదట సెన్సార్ చోటు సరిచూసి, తర్వాతే మొక్కను ఊపి చూడండి. కుండీలో వదులుగా కదిలితే వేళ్లు పోయాయి.

కాండం మొదలు గోధుమరంగై మెత్తబడితే ఆలస్యం చేయకూడదు. నీళ్లు ఆపి, గాలి పెంచి, మెత్తని భాగం నుంచి ఆకులు తొలగించండి. పై భాగం ఇంకా గట్టిగా ఉంటే శుభ్రమైన బ్లేడుతో పచ్చటి కండ దాకా కోసి, తాజా నాచులో నాటి, మూత డబ్బాలో ఉంచండి. ఈ జాతి ముక్క వేళ్లు వేయడానికి నెలలు పడుతుంది, ఎన్నోసార్లు వేయదు కూడా. అందుకే ఇది ఆఖరి ప్రయత్నం, మొక్కల సంఖ్య పెంచే పద్ధతి కాదు.

కొత్త ఆకు మెలితిరిగి, మీద వెండి గీతలుంటే తామరపురుగులు. ఆకు మొదలులో తెల్లటి దూది ఉంటే పిండినల్లి. పిండినల్లిని 70 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లతో ఒక్కొక్కటిగా తుడిచి, వారానికోసారి నాలుగు వారాలు మళ్లీ చూడాలి. మందు కొట్టక తప్పకపోతే లైట్లు ఆర్పి, కూజాల నోళ్లలో దూది పెట్టి, ముందు ఒక్క ఆకు మీద పరీక్షించి, వారం ఆగాకే మొక్కంతా కొట్టండి. నూనె మందులు నూగు ఉన్న లేత ఆకును మాడ్చేస్తాయి. కొత్తగా తెచ్చిన ఏ మొక్కనైనా ఆరు వారాలు వేరే చోట ఉంచితే ఈ బెడద చాలావరకు తప్పుతుంది.

కుండీ మార్పు, పూత

రెండు మూడేళ్లకు నాచు నల్లబడి, నలిపితే పోగులు విడిపోకుండా ముద్దవుతుంది. అప్పుడే కుండీ మార్చాలి. వేళ్ల ముద్దను విదిలించకండి. అలాగే ఎత్తి, ఒక్క సైజు పెద్ద కుండీలో పెట్టి, చుట్టూ కొత్త మిశ్రమం నింపండి. కాండం ఇంతకు ముందు ఎంత లోతున ఉందో అంతే ఉండాలి. కుళ్లిన నాచును పటకారుతో పైపైన తీయగలిగినంత తీయండి. తర్వాత మూడు వారాలు మళ్లీ ఎక్కువ తేమ.

పూత రావడానికి చాలా ఏళ్లు పడుతుంది. నెపెంథిస్‌లో ఆడ, మగ మొక్కలు వేరు, పూసేదాకా ఏదో తెలియదు. మీది మగదైతే పూలు విచ్చగానే పుప్పొడిని పొద్దున చిన్న కాగితం పొట్లంలో దులిపి, సిలికా జెల్‌తో గాలి చొరని సీసాలో పెట్టి ఫ్రీజర్‌లో దాచండి. ఆడ మొక్క ఎక్కడ పూసినా అది అవసరమవుతుంది. కాయలు గోధుమరంగై పగలబోయే ముందు కోసి, విత్తనాలను వెంటనే తాజా, సన్నగా తరిగిన నాచు మీద చల్లాలి, పైన కప్పకూడదు. ఈ విత్తనాలు నిలవ ఉండవు. తల్లి మొక్కకు ఇచ్చిన రాత్రి చలినే మొలకలకూ ఇవ్వండి. తల్లి, తండ్రి మొక్కల వివరాలు, తేదీ రాసిన చీటీ ప్రతి కుండీలోనూ ఉండాలి, ఎందుకంటే తల్లిదండ్రులెవరో తెలియని మొక్క పరిరక్షణ సేకరణలకు ఉపయోగపడదు.